మిశ్రలోహములు – రైతు గృహమున వాని వినియోగము
(సోంపేట, టెక్కలి, ఉద్దానపు రైతుల నుద్దేశించిన ఉపన్యాసము)



ఎద్దును కొనునపుడు పండ్లు లెక్కించి, విత్తనమును కొనునపుడు అరచేతిలో పోసికొని పరీక్షించు రైతు, కుమార్తె సారెకు పాత్రలు కొనునపుడు మాత్రము వర్తకుని మాటనే నమ్ముచున్నాడు. ఇత్తడిని కంచు వెలకు కొనుట ధననష్టము. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాచుట ఆరోగ్యనష్టము. లోహముల స్వభావమెరిగినచో ఈ రెండును తప్పును.

ఒక లోహమును కరగించి అందు వేరొకటి కలిపినచో మిశ్రలోహమగును. దాని గుణము క్రొత్తది. రాగి మెత్తనిది, తగరము అంతకంటె మెత్తనిది. అయినను రాగి సుమారు 78 పాళ్లు, తగరము 22 పాళ్లు చేరినచో గట్టిదై ఖంగున మ్రోగు కంచు పుట్టును. గంటలు, కంచములు దీనితో చేయుదురు. ఇది పెళుసు, జారిపడిన పగులును. రాగి 70 పాళ్లకు జింకు అనబడు తుత్తునాగము 30 పాళ్లు చేర్చినచో ఇత్తడి యగును. ఇది సాగును గనుక బిందెలకు, చెంబులకు తగినది. శ్రీకాకుళము జిల్లాలోనే, సారవకోట మండలమందలి బుడితి గ్రామపు కంచు, ఇత్తడి పనితనము భౌగోళిక గుర్తింపు పొందినది.

కొనునపుడు పాత్రను వ్రేలిపై నిలిపి మెల్లగా కొట్టి వినవలెను. మంచి కంచు నాదము చాలసేపు నిలుచును. ఇత్తడి నాదము త్వరగా అణగును. పగులున్న కంచు బొంగురుగా పలుకును.

చింతపండు, మజ్జిగ మొదలగు పులుపులు ఇత్తడిలోని రాగిని కరగించును. ఆ ఆహారము వాంతులు కలిగించును. అందుకే లోపల తగరపు కళాయి వేయించుట ఆచారమైనది. తగరము 232 డిగ్రీల వేడికే కరగును. కావున కళాయిగిన్నెను ఉత్తిగా పొయ్యిమీద పెట్టరాదు. కొందరు చౌకయని తగరములో సీసము కలుపుదురు. సీసము విషము, బిడ్డలకు మరింత హానికరము. కళాయికి ముందు ఆ కడ్డీని తెల్లకాగితముపై గీయించవలెను. నల్లని గీత స్పష్టముగా పడినచో సీసమున్నదని అనుమానించి త్రోసిపుచ్చవలెను.

ఉద్దానపు సముద్రతీరమున మరియొక చిక్కు కలదు. ఉప్పునీరు తగిలిన ఇత్తడిలోని తుత్తునాగము క్రమముగా కరగిపోయి, ఎర్రని గుల్లరాగి మిగులును. నీటి పంపుల ఇత్తడి భాగములపై ఎర్రమచ్చలు కనబడినచో అవి విరుగకమునుపే మార్చవలెను.

ఇనుమునకు కొద్దిపాటి బొగ్గుసారము చేరినదే ఉక్కు. నిజామాబాదు జిల్లా కోనసముద్రపు ఉక్కు పూర్వము పారసీకదేశమునకు ఎగుమతి యయ్యెడిది. కమ్మరి కొడవలి అంచును ఎర్రగా కాచి నీట ముంచి పదును పట్టించును. పిడి మార్చుటకై ఆ కొడవలిని పొయ్యిలో పెట్టినచో ఆ గట్టిదన మంతయు పోవును.

ఇంగ్లాండునందలి షెఫీల్డు నగరమున 1913లో హ్యారీ బ్రేర్లీ క్రోమియము కలిపి తుప్పుపట్టని ఉక్కును తయారుచేసెను. నేటి స్టీలు సామాను ఈ జాతిదే. దీనిలో క్రోమియము కనీసము నూటికి 10.5 పాళ్లుండును. అయినను ఉప్పు చాలకాలము నిలువయున్నచో దీనికిని గుంటలు పడును. ఊరగాయకు జాడీయే మేలు.

నాదము విని కంచు కొనుడు; కళాయి చూచి వండుడు; పదునుగల పనిముట్టును పొయ్యికి దూరముగా నుంచుడు. ఈ మూడును ఇంటనున్న స్త్రీలకును, పాలేర్లకును తెలియజెప్పిననే ఫలము చేకూరును.