బంతి కొట్టువాని భుజము



పంట నూర్చి గింజలు గాదెకు చేరిన పిమ్మట మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల గ్రామములలో కళ్ళములు ఖాళీ యగును. ఆ చదును నేలలో కుర్రవాండ్రు రెండు గుంజలు పాతి, నడుమ వల కట్టి, సున్నముతోనో బూడిదతోనో గీతలు గీయుదురు. ప్రొద్దు వాలునప్పటికి అచ్చట వాలీబాలు ఆట సాగుచుండును. మీలో పెక్కురు అరుగుమీద కూర్చుండి ఆ యాటను చూచుచునే యుందురు. ఆట మొత్తమును గూర్చి నేను చెప్పబోవుట లేదు. ఆటకు ఆరంభమైన ఒక్క దెబ్బను గూర్చియు, ఆ దెబ్బ కొట్టు భుజమును గూర్చియు మాత్రమే చెప్పెదను. ఇందుకు కారణము నా వీపుమీదనే కలదు. దానిని తరువాత విన్నవించెదను.

ఈ ఆటను 1895లో అమెరికాలోని హోలియోక్ పట్టణమున విలియం మోర్గాన్ అను వ్యాయామోపాధ్యాయుడు కల్పించెను. మన దక్షిణదేశమున ఇది వ్యాపించుటకు వై. ఎమ్. సి. ఏ. వారును, 1920లో మద్రాసున హెచ్. సి. బక్ స్థాపించిన వ్యాయామ కళాశాలయు తోడ్పడినవి. ఆట స్థలము పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. పురుషుల ఆటలో వల పైయంచు 2.43 మీటర్ల ఎత్తున, స్త్రీల ఆటలో 2.24 మీటర్ల ఎత్తున ఉండును. బంతి బరువు 260 నుండి 280 గ్రాములు. వెనుక గీతకు ఆవల నిలిచినవాడు బంతిని పైకెగురవేసి, తలకంటె ఎత్తున అరచేతితో కొట్టి, తొమ్మిది మీటర్ల దూరమున నున్న వలను దాటించి, అవతలివారి గీతలలోపల పడవేయవలెను. దీనినే సర్వీసు అందురు.

పావుకిలో బంతిని కొట్టుటకు ఎంత బలము కావలయునని మీరడుగవచ్చును. చిక్కు బరువులో లేదు, వేగములో నున్నది. చేయి బంతిని తాకియుండు కాలము సెకండులో సుమారు నూరవ వంతు. ఆ కాలములో చేయి చేయగలిగినది యేమియు లేదు. చేయవలసినదంతయు అంతకు మునుపే జరిగి యుండవలెను. ఎచ్చట జరుగును? చాలమంది అనుకొనునట్లు జబ్బలో కాదు, నేలలో మొదలగును.

వరిపనను బండమీద కొట్టువానిని చూడుడు. తెలిసినవాడు పనను పైకెత్తునపుడు వెనుక కాలిమీద బరువు మోపును, కొట్టునపుడు ఆ బరువు ముందు కాలికి వచ్చును, తుంటి తిరుగును, దాని వెంట నడుము, దాని వెంట ఎద, అటుపిమ్మటనే చేతులు. అతడు ప్రొద్దుగూకువరకు కొట్టగలడు. కొత్తవాడు చేతులతో మాత్రమే కొట్టి, అంబలి వేళకే జబ్బలు పట్టుకొని కూర్చుండును. సర్వీసు కొట్టువాని మర్మమును ఇదియే. కుడిచేతివాడైనచో ఎడమకాలు ముందుంచును. బంతిని తన కుడిభుజమునకు ఎదురుగా, ఒక అడుగు ముందునకు ఎగురవేయును. ఎడమచేయి బంతిని విడిచి పైకి పోవుచుండగా కుడి మోచేయి చెవికంటె ఎత్తున వెనుకకు పోవును. అప్పుడు కడుపు, ఎద, భుజము ముందువైపున వింటినారివలె బిగియును. వెనుక కాలు నేలను నెట్టును, తుంటి తిరుగును, ఎద తిరుగును. చేయి మాత్రము ఇంకను వెనుకనే యుండును. ఈ ఆలస్యములోనే వేగము పుట్టుచున్నది.

చెర్నాకోలను ఝుళిపించునపుడు పిడి కొంచెమే కదలును, అదియు వెంటనే ఆగును. కాని కొన ఛెళ్ళుమనును. లావైన భాగము ఆగినపుడు దాని వడి సన్నని భాగమునకు సంక్రమించుటయే ఇందలి రహస్యము. తుంటి నెమ్మదించినపుడు ఎదకును, ఎద నెమ్మదించినపుడు రెట్టకును, రెట్ట నెమ్మదించినపుడు ముంజేతికిని, కడపట అరచేతికిని వడి అందుచుండును. మధ్యలో ఏ కణుపు తన పని మానినను దాని భారము తరువాతి కణుపుమీద పడును. కాళ్ళును నడుమును ఊరకున్నచో అన్నిటి పనియు భుజమే చేయవలసివచ్చును. ఎగిరి సర్వీసు కొట్టు మేటి ఆటగాండ్ర బంతి గంటకు 100 కిలోమీటర్లు దాటిపోవును. ఆ వేగమును ఒక్క జబ్బనుండి రాబట్టజూచినవాని గతి ఏమగునో ఊహింపుడు.

వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తిగారు ఎద పొంగించి గొలుసులు తెంపెననియు, రొమ్ముమీద ఏనుగును నిలిపెననియు కథలు విని పెరిగినవారము మనము. అందుచే బలమనగా రొమ్మును, దండలును మాత్రమే యని మనకొక తలంపు పాతుకొన్నది. ఆ తలంపును దిద్దుకొనుటకు మన ప్రాంతపు బిడ్డయే ఉన్నది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో మొత్తము 240 కిలోలెత్తి కాంస్య పతకము గొనెను. ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారత మహిళ ఆమెయే. అందులో 130 కిలోలు మొదట భుజములమీదికి తెచ్చి, పిదప తలపైకెత్తినవి. ఆ రెండవ ఎత్తుడును తిన్నగా గమనించినచో, ముందు మోకాళ్ళు కొంచెము వంగును. కాళ్ళ తోపుతోనే ఇనుము భుజములను విడిచి లేచును. చేతులు ఆ వెనుక దాని క్రిందికి చేరి నిలబెట్టును. చేయి పైనున్నంత మాత్రమున పని చేయిదే యని అనుకొనరాదు.

ఇక భుజమునకు వత్తము. తొడ ఎముక తల కటిలోని లోతైన గుంటలో దిగియుండును. భుజము అట్టిది కాదు. రెట్ట ఎముక గుండ్రని తల, నిమ్మపండు మూకుడు అంచున నిలిచినట్లు, రెక్క ఎముక ప్రక్కనున్న లోతులేని పళ్ళెరమునకు ఆని యుండును. ఎప్పుడైనను ఆ తలలో మూడవ వంతునకు లోపే పళ్ళెరమును తాకును. అందువలననే చేయి అన్ని దిక్కులకు తిరుగగలదు. అందువలననే గూడ జారుటయు సులభము. దానిని చోటు తప్పకుండ పట్టియుంచునవి నాలుగు చిన్న కండరములు. అవి రెక్క ఎముకనుండి బయలుదేరి రెట్ట ఎముక తలను నాలుగు వ్రేళ్ళవలె పట్టుకొనును. వానిలో వెనుకనున్న రెండును చేతిని వెలుపలికి త్రిప్పును. అయితే వాని ముఖ్యమైన పని వేరు. బంతిని కొట్టిన చేయి ముందునకు దూసికొని పోవుచుండగా దానిని పట్టి ఆపవలసినవి అవియే. ఒడిస్సా కొండలనుండి సాలూరునకు దిగు లారీ డ్రైవరు నడుగుడు: ఘాటీలో బండికి ముఖ్యమైనది ఇంజనా, బ్రేకా? చేతిని ముందుకు విసరు ఎదకండరములు, వీపుకండరములు ఇంజను వంటివి, మిక్కిలి పెద్దవి. బ్రేకులు మాత్రము రెండు వ్రేళ్ళ వెడల్పు కండలు.

ఈ బ్రేకుమీద మిక్కిలి భారము వేయు సర్వీసు ఒకటి కలదు. బంతిని నడిమధ్యన గట్టి అరచేతితో కొట్టి, చేతిని వెంటనే ఆపుదురు. బంతి తన చుట్టు తాను తిరుగదు. తిరుగని బంతిని గాలి ఒకమారు ఈ ప్రక్కను, ఒకమారు ఆ ప్రక్కను వదలుచుండుటచే అది తూనీగవలె తడబడుచు పోయి, అందుకొనువానిని మోసగించును. మణికట్టు ముందునకు విరిచి బంతిని త్రిప్పి కొట్టినచో గాలి దానిని క్రిందికి నొక్కును. అప్పుడు చేయి ఆగక క్రిందివరకు వచ్చును. ఆగక వచ్చు చేతికి వడి తగ్గించుకొనుటకు దూరము దొరకును. వెంటనే ఆపు చేతికి అది దొరకదు.

నా పదునెనిమిదవ ఏట నేను మా జట్టులో ఆ తడబడు సర్వీసుకు పేరుపడినవాడను. మాకు ఆట నేర్పిన ఉపాధ్యాయుడొకరు దినమునకు రెండు వందల సర్వీసులు కొట్టించెడివారు. కాళ్ళు కదలరాదు, చేయి విసరుము, ఆపుము. ఇదియే వారి పాఠము. ఆయనమీద నాకు కోపము లేదు; ఆయనకు నేర్పినవారును అటులనే నేర్పియుందురు. ఆ యేడు భోగినాడు మా నాయనమ్మ నాకు నూనె అంటుచు, కుడిరెక్కమీద చేయి ఆపినది.

“ఒరే గుంటడా, ఏటిరా ఇది? ఈ పక్క కండ ఏటైపోనాది?”

“నొప్పేటీ నేదు నాయనమ్మా” అంటిని.

“నొప్పి నేదని కండ ఊరుకుంటాదేటిరా?” అన్నది.

రెక్క ఎముకమీద అడ్డముగా నుండు గట్టునకు క్రింద, ఎడమవైపు నిండుగా నున్న చోట, కుడివైపు గుంట పడియుండెను. నాకు తెలియనే లేదు. బంతి వలను దాటకపోవుటను మాత్రము ఆరు నెలలుగా చూచుచు, సోమరినైతినని నన్ను నేనే తిట్టుకొనుచుంటిని.

దాని సంగతి ఇది. మెడనుండి బయలుదేరిన ఒక నరము రెక్క ఎముక పైయంచుననున్న చిన్న గండిలో దూరి, ఆ గట్టు ప్రక్కన మలుపు తిరిగి, వెనుకనున్న కండరమునకు చేరును. చేయి వేలసారులు ఒకే తీరున వెనుకకు సాగి, ముందునకు దూకి, తటాలున ఆగుచుండగా ఆ మలుపున నరము సాగియో, నలిగియో పోవును. మలుపు దాటిన పిదప ఆ నరమునకు ముఖ్యముగా కండను కదలించుటయే పని. కావున నొప్పి తెలియక కండ ఎండును. 1987లో ఇటలీ వైద్యులు మేటి వాలీబాలు ఆటగాండ్రలో ఈ వ్యాధిని గుర్తించి ప్రకటించిరి. తటాలున ఆపు సర్వీసునకు దీనితో సంబంధము కలదని తరువాత అభిప్రాయపడిరి.

నాకు ఎనిమిది నెలలు సర్వీసు మాన్పించిరి. చేతిని వెలుపలికి త్రిప్పు చిన్న చిన్న కసరత్తులు చేయించిరి. కండ సగము తిరిగి వచ్చినది. పిమ్మట నేను కాళ్ళతోను, తుంటితోను కొట్టుట నేర్చుకొంటిని. అది నేర్చుకొన్నది మా కళ్ళములో పనలు కొట్టువారిని చూచియే. అటుపైన వ్యాయామోపాధ్యాయుడనై ముప్పదియేండ్లు పిల్లలకు చెప్పినదియు అదియే.

మీ ఇంటి కుర్రవానిని పరీక్షించుటకు పరికరములేవియు అక్కరలేదు. చొక్కా విప్పించి వెనుకనుండి రెండు రెక్కలను పోల్చి చూడుడు. తరువాత మోచేతులు ప్రక్కలకు ఆనించి ముంజేతులు ముందునకు చాపుమనుడు. మీరు అతని మణికట్లను వెలుపలినుండి పట్టుకొని, వెలుపలికి నెట్టుమనుడు. కుడిచేయి ఎడమదానికంటె తేలికగా లొంగినచో ఆ యాట కొంతకాలము ఆపి, వైద్యునికి చూపుడు. శ్రీకాకుళమునను, విజయనగరమునను ప్రభుత్వ వైద్యకళాశాలల ఆసుపత్రులు కలవు. వాతలు పెట్టించుట, పిండికట్లు కట్టించుట వలదు. నరపు నలుగుడు వానికి లొంగదు. ఎదుగు వయస్సు పిల్లలకు రెట్ట ఎముక పైకొన ఇంకను ముదిరి యుండదు. వారికి వలను దించి కట్టుడు. మొదట క్రిందిచేతి సర్వీసే చాలును. పెద్దబంతి, ఎత్తైన వల అని పంతము పట్టువాడు పిల్లవాడు కాదు, చాలసారులు వాని మేనమామ. ఆడపిల్లల భుజమును ఇట్టిదే. వారికిని ఈ మాటలన్నియు వర్తించును.

భోగి వచ్చుచున్నది. నూనె అంటునపుడు మనుమల రెండు రెక్కలమీద రెండు చేతులును ఒకేసారి ఉంచి చూడుడు. నా కుడిరెక్క క్రింద నేటికిని మా మనుమరాలి బొటనవ్రేలు ఇముడును.