ఎవరి నేల, ఎవరి రాబడి: జమైకా, అపాచీ సమాజాల ఆర్థిక స్థితిగతులు



మా అర్థశాస్త్రం మాస్టారు జాతీయాదాయం పాఠం చెప్పేటప్పుడు లెక్కలన్నీ బోర్డు మీద వేశాక ఒక ప్రశ్న అడిగేవారు. ఇంత డబ్బు పుట్టింది సరే, చివరికి ఏ ఊళ్లో నిలిచింది? ఆయన పేరున జరిగే ఈ ఉపన్యాసానికి ఆ ప్రశ్ననే తీసుకుని, మనకు దూరంగా ఉన్న రెండు సమాజాలను పక్కపక్కన పెట్టి చూస్తాను. ఒకటి కరీబియన్ సముద్రంలోని జమైకా. రెండోది అమెరికాలో, ముఖ్యంగా ఆరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రాల్లో ఉన్న అపాచీలు.

ఈ పోలిక కుదరదనే అభ్యంతరం వెంటనే వస్తుంది. జమైకా సుమారు 28 లక్షల మంది ఉన్న దేశం. 1962 ఆగస్టు 6న స్వతంత్రమైంది. సొంత నాణెం, సొంత రిజర్వు బ్యాంకు, ఐక్యరాజ్య సమితిలో ఓటు ఉన్నాయి. అపాచీలకు ఇవేవీ లేవు. వాళ్లు ఒక్క తెగ కూడా కాదు. సాన్ కార్లోస్, వైట్ మౌంటెన్, మెస్కలెరో, హికరియా, ఇంకా చిన్న తెగలు, ఎవరి ప్రభుత్వం వారిదే. పెద్ద తెగల్లోనూ సభ్యుల సంఖ్య వేలల్లోనే ఉంటుంది. అయినా ఈ రెంటినీ కలిపి చూడాలనడానికి నాకు గట్టి కారణం ఉంది. రెండేళ్ల తేడాలో ఇద్దరూ ఒకే పని చేశారు.

1974లో జమైకా ప్రధాని మైకేల్ మ్యాన్లీ అల్యూమినియం ముడిఖనిజమైన బాక్సైట్ మీద కొత్త సుంకం వేశాడు. అప్పటికి ఇరవై ఏళ్లుగా అమెరికా, కెనడా కంపెనీలు ఆ ద్వీపపు ఎర్రమట్టిని తవ్వి ఓడల్లో ఎత్తుకుపోతున్నాయి. కొనేదీ అమ్మేదీ ఒకే కంపెనీ కావడంతో జమైకా రేవు దగ్గర మట్టి ధర ఎంతని వాళ్లు రాస్తే అంతే. లాభం అల్యూమినియం దగ్గర తేలేది, ఆ కర్మాగారాలు వేరే దేశాల్లో ఉండేవి. మ్యాన్లీ ప్రభుత్వం రేవు ధర మాట వదిలేసింది. అమెరికా మార్కెట్లో అల్యూమినియం దిమ్మ ఏ ధర పలికితే ఆ ధరలో 7.5 శాతానికి ముడిపెట్టి సుంకం లెక్కగట్టింది. ఖజానాకు వచ్చే సొమ్ము ఒక్క ఏడాదిలో అనేక రెట్లు పెరిగింది. ఆలోచనగా చూస్తే ఇంత సూటిగా, ఇంత న్యాయంగా వేసిన సుంకాలు మూడో ప్రపంచ చరిత్రలో ఎక్కువ లేవని నేను నమ్ముతాను.

1976లో న్యూమెక్సికో ఉత్తర కొసన ఉన్న హికరియా అపాచీలు తమ నేల కింది నుంచి తీసే చమురు మీద, సహజవాయువు మీద పన్ను వేశారు. పీపా చమురుకు 29 సెంట్లు. కంపెనీలు 1950ల నుంచే అక్కడ లీజులు పుచ్చుకుని రాయల్టీ కడుతున్నాయి. భూమి సొంతదారులకు రాయల్టీ ఇస్తున్నాం కదా, మళ్లీ పన్నేమిటి, ఒక తెగకు పన్ను వేసే అధికారం ఎక్కడిది అని కోర్టుకెక్కాయి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1982 జనవరిలో తీర్పు వచ్చింది. సొంతదారుగా రాయల్టీ తీసుకోవడం వేరు, ప్రభుత్వంగా పన్ను వేయడం వేరు, ఆ రెండో అధికారం తెగకు ఎవరో ఇచ్చింది కాదు, పాలించే సమాజంగా దానికి మొదటినుంచీ ఉన్నదేనని కోర్టు తేల్చింది. ఆ తీర్పు రాసింది థర్‌గుడ్ మార్షల్, బానిసల వంశంలో పుట్టి ఆ కోర్టులో మొదటి నల్లజాతి న్యాయమూర్తి అయినవాడు.

మరి ఈ రెండు పన్నులూ ఏమయ్యాయి?

జమైకా సుంకం చట్టాన్ని ఎవరూ కొట్టేయలేదు. కానీ బాక్సైట్ గినీలో ఉంది, బ్రెజిల్లో ఉంది, ఆస్ట్రేలియాలో కావలసినంత ఉంది. కంపెనీలు కొత్త పెట్టుబడులు అటు మళ్లించాయి. 1980ల నడిమికి రేనాల్డ్స్ కంపెనీ వెళ్లిపోయింది, ఆల్కోవా జమైకాలోని తన శుద్ధి కర్మాగారం మూసేసింది, జమైకా సుంకం తగ్గించుకుంటూ వచ్చింది. ఈలోగా చమురు ధర పెరిగి దిగుమతుల బిల్లు తడిసి మోపెడైంది. 1977లోనే దేశం అంతర్జాతీయ ద్రవ్యనిధి గుమ్మం ఎక్కింది. జెండా ఉన్న ప్రభుత్వం చట్టం చేయగలిగింది, కొనేవాణ్ణి కట్టిపడేయలేకపోయింది.

హికరియా బావులు ఎక్కడికీ కదిలేవి కావు. కోర్టు అండ ఉంది, జనాభా తక్కువ కాబట్టి తలకు వచ్చే వాటా లెక్కలోకి వస్తుంది. అయితే 1989లో అదే సుప్రీంకోర్టు మరో తీర్పు ఇచ్చింది: అవే బావుల మీద న్యూమెక్సికో రాష్ట్రం కూడా పన్ను వేయవచ్చు. ఆ కేసులోని కంపెనీ తెగకు సుమారు 6 శాతం, రాష్ట్రానికి సుమారు 8 శాతం పన్ను కట్టేది. అంటే రిజర్వేషన్ నేల మీది చమురు నుంచి తెగకంటే రాష్ట్రమే ఎక్కువ పన్ను తీసుకునేది. తెగ తన పన్ను పెంచితే కంపెనీలు హద్దు దాటి పక్క భూముల్లో తవ్వుకుంటాయి. ఈసారి మార్షల్ ఆ తీర్పుతో విభేదించిన ముగ్గురిలో ఉన్నాడు. జమైకాను ప్రపంచ మార్కెట్ కట్టేస్తే, హికరియాలను వాళ్లు ఇష్టపడి చేరని ఒక రాష్ట్రం కట్టేసింది.

ఈ స్థితి 1970లలో పుట్టింది కాదు. 1834లో బ్రిటన్ బానిసత్వం రద్దు చేసినప్పుడు పార్లమెంటు 2 కోట్ల పౌండ్ల పరిహారం మంజూరు చేసింది. అది యజమానులకు. జమైకాలోని మూడు లక్షల పైచిలుకు బానిసలకు ఒక్క పెన్నీ దక్కలేదు, పైపెచ్చు 1838 దాకా అప్రెంటిస్ పేరుతో అదే తోటలో చాకిరీ చేయాల్సి వచ్చింది. ఆ పరిహారం కోసం చేసిన అప్పు బ్రిటన్ ఖాతాల్లో 2015లో గానీ తీరలేదు. ఆ అప్పు తీర్చినవాళ్లలో, బ్రిటన్‌లో స్థిరపడి పన్నులు కట్టిన జమైకన్లూ ఉన్నారు. తమ ముత్తాతల యజమానులకు చెల్లించిన పరిహారం తమ జీతాల్లోంచి తీరింది. ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు మనసు మండుతుంది. చెరకు తోటలకు కూలీల కొరత వస్తే 1845 నుంచి కలకత్తా, మద్రాసు రేవుల నుంచి మనవాళ్లను ఒప్పందం మీద ఓడలెక్కించారు. 1917 దాకా ఆ దారిన వెళ్లినవాళ్లు సుమారు 36 వేల మంది.

అపాచీల విషయంలో భూమిని ముందు గీశారు, తర్వాత చెరిపారు. 1870ల మొదట్లో సాన్ కార్లోస్ రిజర్వేషన్ ఏర్పడింది. ఆ వెంటనే గ్లోబ్, క్లిఫ్టన్ వైపున వెండి, రాగి బయటపడటంతో ఆ ముక్కలను వరసగా కోసి గనులవాళ్లకు కలిపారు. అపాచీ యోధుడు జెరోనిమో 1886లో లొంగిపోయాక చిరికావా అపాచీలను ఆడవాళ్లతో, పిల్లలతో సహా రైలెక్కించి ఫ్లోరిడాకు పంపారు. అతన్ని పట్టుకోవడానికి అమెరికా సైన్యంలో పనిచేసిన అపాచీ స్కౌట్లను కూడా అదే రైలు ఎక్కించారు. యుద్ధఖైదీల ముద్ర తొలగడానికి 1913 దాకా పట్టింది. ఇరవై ఏడేళ్లు ఒక సమాజానికి సొంత నేల లేదు, తరాల మధ్య చేతులు మారే ఆస్తి లేదు. నేటి పేదరికానికి సోమరితనం కారణమనేవాళ్లు ఈ ఇరవై ఏడేళ్లను లెక్కలో వేసుకోవాలి.

జమైకాలోనూ ఇలాంటి కథ ఒకటి ఉంది. తోటల నుంచి తప్పించుకుని కొండల్లో చేరిన మరూన్లు బ్రిటిషు సైన్యాన్ని నిలువరించి 1739లో ఒప్పందం రాయించుకున్నారు. ఆకంపాంగ్ ఊరివాళ్లు నేటికీ ఆ ఒప్పందాన్ని పట్టుకునే, తమది ఉమ్మడి భూమి, పన్ను లేని భూమి అంటారు. మరో మరూన్ ఊరు ట్రెలానీ టౌన్ 1795లో తిరగబడితే వాళ్లను ఓడలెక్కించి కెనడా చలిలోకి తరిమారు, అక్కడి నుంచి ఆఫ్రికాకు. చిరికావాల కథకు తొంభై ఏళ్ల ముందటి నకలు ఇది. కాబట్టి సరైన పోలిక జమైకా దేశానికీ అపాచీ తెగకూ మధ్య మాత్రమే కాదు. కింగ్‌స్టన్ ప్రభుత్వం ముందు ఆకంపాంగ్ నిలబడ్డ తీరుకూ, వాషింగ్టన్ ముందు సాన్ కార్లోస్ నిలబడ్డ తీరుకూ మధ్య కూడా.

ఇక నేటి ఆదాయాలు. తలసరి డాలర్లు లెక్కేస్తే సాన్ కార్లోస్ అపాచీ సగటు జమైకన్ కంటే పైనే కనిపిస్తాడు. కానీ అతడు బియ్యం నుంచి పెట్రోలు దాకా కొనేది అమెరికా ధరలకు. జీతమిచ్చేది ఎక్కువగా తెగ ప్రభుత్వం, బడి, ఆసుపత్రి, కాసినో. చేతికందిన జీతం గ్లోబ్, సాఫర్డ్ పట్నాల దుకాణాలకు పోతుంది. భూమి సుమారు 18 లక్షల ఎకరాలు ఉన్నా పట్టా అమెరికా ప్రభుత్వం దగ్గర ధర్మకర్తృత్వంలో ఉంది, కాబట్టి తాకట్టు పెట్టి బ్యాంకు అప్పు తెచ్చుకోవడం గగనం. అప్పు పుట్టక ఎదగలేనిది ఒక సమాజం, అప్పు ఎక్కువై కుంగినది మరొకటి. 2013 నాటికి జమైకా ప్రభుత్వ రుణం దేశ వార్షికోత్పత్తిలో దాదాపు 145 శాతం. ఉద్యోగుల జీతాల పెంపు ఆపి, ఖర్చులు బిగించి, లెక్కలు ఎప్పటికప్పుడు జనానికి చెప్పే పౌర కమిటీని పెట్టి, పార్టీలు మారినా పట్టు సడలకుండా పదేళ్లలో ఆ రుణ నిష్పత్తిని సగం చేసుకున్నారు. నిరుద్యోగం 15 శాతం నుంచి 4 శాతం దిగువకు వచ్చింది. దీన్ని నేను గొప్ప విజయమే అంటాను. ఆ బిగింపు భారం మోసినవాళ్లు నర్సులు, టీచర్లు అన్నది కూడా అంతే నిజం. వాళ్లలో చాలామంది విదేశాలకు వెళ్లిపోయారు.

వెళ్లినవాళ్లు పంపే డబ్బే ఇప్పుడు దేశాన్ని నిలబెడుతోంది, ఏటా 300 కోట్ల డాలర్ల పైన. లండన్‌లో 1950లలో నల్లవాళ్లకు బ్యాంకులు గృహరుణం ఇవ్వని రోజుల్లో జమైకన్లు ‘పార్ట్‌నర్’ వేసుకుని ఇళ్లు కొన్నారు. అది మన చీటీల వంటిదే, పాట మాత్రం లేదు. నమ్మకమున్న ఒక ఆవిడ బ్యాంకరుగా ఉంటుంది. వారం వారం అందరూ ఒకే మొత్తం ఆమె చేతిలో పెడతారు, వంతు వచ్చినవాళ్లు మొత్తం ఎత్తుకుంటారు. రాతకోతలు లేవు, పూచీ మాట ఒక్కటే. ఫీనిక్స్ నగరానికి వలసపోయిన అపాచీలు కూడా ఇళ్లకు డబ్బు పంపుతారు గానీ, జమైకా వలసంత పెద్ద జనం కాదు.

సాన్ కార్లోస్‌లో పెరిడాట్ అనే ఊరి పక్కన నల్లరాతి గుట్ట ఉంది. ప్రపంచంలో పెరిడాట్ రత్నం విరివిగా దొరికే చోట్లలో అదొకటి. తవ్వే హక్కు తెగ సభ్యులకే. గునపంతో, సుత్తితో రాతిని పగలగొడితే లోపల లేత ఆకుపచ్చ స్ఫటికాల ముద్దలు బయటపడతాయి. కుటుంబమంతా కూర్చుని వాటిని ఏరి బయటి వ్యాపారులకు ముడిరాయిగానే అమ్ముకుంటారు. సానపెట్టాక పలికే ధరలో గుట్ట మీదికి తిరిగొచ్చేది కొంచెమే. దీనికి భిన్నంగా జమైకా బ్లూ మౌంటెన్ కాఫీ పేరు చట్టరక్షణలో ఉంది. ఆ కొండల్లో పండితేనే ఆ పేరు పెట్టాలి. చిన్నరైతు ఏటవాలు చెక్కల్లో కోసిన గింజ చెక్క పీపాల్లో ఎక్కువభాగం జపాన్ చేరుతుంది. అపాచీ రాయికి అలాంటి పేరూ రక్షణా ఉండాలని, సాన కూడా ఆ గుట్ట కిందే జరగాలని నేను కోరుకుంటాను.

ఆపద వచ్చినప్పుడు ఈ ఆర్థిక వ్యవస్థల అసలు బలం తెలుస్తుంది. 2002 జూన్‌లో వైట్ మౌంటెన్ అడవుల్లో రోడియో అని పేరుపెట్టిన మంట లేచింది. అది చెడెస్కై అనే మరో మంటతో కలిసి 4,68,000 ఎకరాలు కాల్చేసింది, అందులో సగానికి పైగా తెగ భూమి. కలప ఆ తెగకు ఒక ముఖ్యమైన బతుకుతెరువు. రోడియో మంట పెట్టింది తెగవాడే, మంటలార్పే పనికి రోజుకూలీగా వెళ్లేవాడు. పని దొరుకుతుందని నిప్పు పెట్టానని ఒప్పుకున్నాడు. నేరం నేరమే. కానీ సొంత అడవిని తగలబెడితే తప్ప కూలి దొరకదనిపించే ఊరు ఎలాంటి ఊరో కూడా ఆలోచించాలి. 2025 అక్టోబరులో మెలిస్సా తుఫాను జమైకా పడమటి ఊళ్లను ఊడ్చేసింది. నష్టం 880 కోట్ల డాలర్లని అంచనా, అంటే ఏడాది ఉత్పత్తిలో ఐదింట రెండు వంతులు. ముందుచూపుతో తీసుకున్న విపత్తు బాండు నుంచి 15 కోట్ల డాలర్లు అందాయి. ఒక చిన్న దేశం చేయగలిగిన జాగ్రత్త అది. అయినా ఆ బాండు నుంచి దక్కింది నష్టంలో రెండు శాతం కన్నా తక్కువే.

చివరగా పన్నుకంటే పెద్ద హక్కు ఒకటి ఉంది. తవ్వొద్దని చెప్పే హక్కు. ఆరిజోనాలోని ఓక్ ఫ్లాట్ సాన్ కార్లోస్ అపాచీలకు పవిత్రస్థలం. ఈడొచ్చిన ఆడపిల్లల వేడుకలు అక్కడ జరుగుతాయి. దాని కింద రాగి ఉంది. 2014లో అమెరికా కాంగ్రెసు రక్షణ బడ్జెట్ బిల్లులో ఇరికించి ఆ భూమిని రియో టింటో, బీహెచ్‌పీల కంపెనీకి మార్పిడి చేయాలని చట్టం చేసింది. తవ్వకం పూర్తయితే ఆ నేల దాదాపు రెండు మైళ్ల వెడల్పున కుంగిపోతుంది. 2025 మేలో సుప్రీంకోర్టు అపాచీల పిటిషన్ విచారణకు నిరాకరించింది, ఇద్దరు న్యాయమూర్తులు మాత్రం వాళ్ల పక్షాన అసమ్మతి తెలిపారు. అలాగే జమైకాలోని కాక్‌పిట్ కంట్రీ కొండల్లో మరూన్లు బాక్సైట్ గనులను ఏళ్లుగా అడ్డుకుంటున్నారు. 2017లో ప్రభుత్వం రక్షిత ప్రాంతం హద్దులు ప్రకటించింది, ఆ హద్దు ఎక్కడ గీశారన్న దాని మీదే ఇప్పుడు తగువు.

బాక్సైట్ మాట మనకూ కొత్త కాదు. విశాఖ ఏజెన్సీ కొండల్లో అదే ఎర్రమట్టి ఉంది. 1997లో సమత కేసులో మన సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదంది, తవ్వకం జరిగే చోట నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి గిరిజనుల అభివృద్ధికి పక్కన పెట్టాలంది. హికరియాలకు పన్ను వేసే హక్కుంది, అది రాష్ట్రంతో పంచుకోవలసిందే. జమైకాకు పన్ను వేసే హక్కుంది, కొనేవాడు కాదంటే చేసేదేమీ లేదు. మన కొండల్లోని కోందులకు, బగతలకు, వాల్మీకులకు పన్ను వేసే హక్కే లేదు, ఆ ఒక్క తీర్పు, ఐదో షెడ్యూలు, గ్రామసభ తీర్మానం ఉన్నాయి. విద్యార్థులను అడుగుతున్నాను: ఆ 20 శాతం ఏ గనిలో, ఏ ఏడాది, ఏ గ్రామం ఖాతాలో పడిందో మండలం మండలంగా తిరిగి పట్టిక తయారుచేయండి. మాస్టారి పేరున వచ్చే ఏటి ఉపన్యాసం ఆ పట్టిక మీద జరగాలి.