దోసపాదు – విత్తన రక్షణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో నొసగిన యుపన్యాసము)



మృత్యుంజయ మంత్రమునందు ‘ఉర్వారుకము’ అను మాట కలదు. దానికి దోసపండని పెద్దలు చెప్పుదురు. పండిన ఫలము తొడిమనుండి తనంతట తాను విడివడుటయే యా యుపమానమునకు మూలము. ఖర్బూజా పాదును పెంచువారి కిది నిత్యానుభవము.

వేసవిలో సికింద్రాబాదు మోండా మార్కెట్టునకు పోయినచో కూరదోస, నక్కదోస, బుడమకాయ, ఖర్బూజా వేరువేరు గంపలలో గానవచ్చును. రూపము వేరు, రుచి వేరు. జాతి మాత్ర మొక్కటే. 1859లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు నోదాఁ ఈ జాతిని పది తెగలుగా విభజించి, యవి పరస్పరము సంకరమగునని తెలిపెను. కీరకాయ వీనితో కలియదు. దోసకు క్రోమోజోములు 24, కీరకు 14.

చిక్కంతయు నిచ్చటనే కలదు. తీయని ఖర్బూజా చెంత చేదుబుడమ పూచినచో తేనెటీగ పుప్పొడిని చేరవేయును. ఆ యేటి కాయ చెడదు. మరుసటి యేడు ఆ విత్తనపు పాదులలో దోషము బయటపడును. రైతు నేలను నిందించును, ఎరువును నిందించును. లేఖకుని తప్పు తరువాతి తాళపత్ర ప్రతులన్నిటికి సంక్రమించినట్లే యిదియు.

నివారణము కష్టము కాదు. ఒక్క మంచి కాయను జూచి మురియరాదు. కాయలన్నియు సమముగా నుండి, తెగులు సోకని పాదు నెన్నుకొనవలయును. మరునాడు విచ్చనున్న పిందెమొగ్గను, అదే పాదుపై నొక మగమొగ్గను సాయంకాలము నూలుదారముతో కట్టవలయును. ఉదయమున విప్పి, మగపూవు పుప్పొడిని పిందెపూవునకు తాకించి, మరల కట్టి, తొడిమకు రంగుదారము గురుతు పెట్టవలయును. అన్నియు నిలువవు గనుక నాలుగైదు పూలకైన నిట్లు చేయుట మేలు. కాయ పూర్తిగా పండిన పిమ్మట గింజలు కడిగి, నీడ నారబెట్టి, తేమ తగులకుండ దాచవలయును. సంకరవిత్తనములు కొని వేసినవారు మాత్రము వాని గింజలనుండి అదే కాయ వచ్చునని యాశింపరాదు.

షర్బతే అనార్, బతేసా అను ఖర్బూజాల పేర్లు ఆంధ్రదేశపు రకములుగా ఉద్యానశాస్త్ర గ్రంథములలో గలవు. పుస్తకమున పేరు నిలిచినంత మాత్రమున పొలమున విత్తు నిలువదు. నాటురకముల విత్తును దాచుకొనుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు రైతునకు గల హక్కును 2001 నాటి చట్టము స్పష్టపరచినది. ఆ హక్కును వాడుకొనువారు కావలయును.

కావున గ్రంథాలయమున నొక బీరువా యర విత్తనములకు కేటాయింపుడు. గుప్పెడు తీసికొన్న చందాదారుడు పంట పిమ్మట రెండు గుప్పెళ్లు తిరిగి యిచ్చుగాక. రకము పేరు, విత్తిన తేదీ, ప్రక్కపొలమున నున్న పాదు – ఈ మూడును రిజిస్టరులో నెక్కవలయును.

పండు తొడిమను వీడుట ప్రకృతి ధర్మము. విత్తు ఊరిని వీడుట మన యజాగ్రత్త.