జ్వరం మందు ఎంత పోయాలి? ముందు బిడ్డ బరువు చూడండి

పిల్లల వార్డులో రోగుల బంధువులకు స్టాఫ్ నర్సు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం

డాక్టరుగారు రౌండ్సుకు వచ్చేలోపు ఒక పావుగంట మీతో మాట్లాడతాను. ఒళ్లో బిడ్డలను పెట్టుకొని కూర్చున్నారు కాబట్టి పెద్ద విషయాలేమీ చెప్పను. మీ అందరి ఇండ్లలో గూట్లో ఉండే జ్వరం మందు గురించే చెబుతాను. దాన్ని పారాసిటమాల్ అంటాము. సీసా మీద కంపెనీ పేరు ఏదైనా కావచ్చు, లోపల ఉండేది అదే.

ఇది మంచి మందు. సరిగ్గా కొలిచి ఇస్తే భయపడవలసిన పని లేదు. మోతాదు మించితే మాత్రం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎంత ఇవ్వాలన్నది బిడ్డ వయసును బట్టి కాదు, బరువును బట్టి ఉంటుంది. "రెండేండ్ల పాప, ఎంత పోయాలి సిస్టర్?" అని అడుగుతారు. ఒక రెండేండ్ల పాప 12 కిలోలు ఉంటుంది. సరిగా తినక చిక్కిపోయిన ఇంకో పాప 9 కిలోలే ఉంటుంది. ఇద్దరికీ ఒకే కొలత ఎలా సరిపోతుంది? మన హిందూపురం మార్కెట్లో చింతపండుకైనా పట్టుగూళ్లకైనా కాటా పెట్టకుండా బేరం తెగదు. బిడ్డ బరువు అడిగితే మాత్రం చాలామంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

బరువు చూడడం కష్టం కాదు. అంగన్‌వాడీలో తూచి కార్డులో రాస్తారు. పెద్దల కాటా ఉంటే బిడ్డను ఎత్తుకొని నిలబడండి, తరువాత మీరొక్కరే నిలబడండి. మొదటి దాంట్లోనుంచి రెండవది తీసివేస్తే మిగిలేది బిడ్డ బరువు.

ఇక లెక్క. పారాసిటమాల్ ఒక్కసారికి కిలో బరువుకు 10 నుంచి 15 ఎం.జి. దాకా ఇవ్వవచ్చు. 10 కిలోల బిడ్డకు ఎక్కువలో ఎక్కువ 150 ఎం.జి. ఇంతవరకు అందరికీ అర్థమవుతుంది. పొరపాటంతా దీని తరువాతే జరుగుతుంది. ఎం.జి. అంటే మందు, ఎం.ఎల్. అంటే ఆ మందు కలిపిన నీళ్ల కొలత. ఒక చెంబు నీళ్లలో ఒక అచ్చు బెల్లం, ఇంకో చెంబులో నాలుగు అచ్చులు వేశామనుకోండి. రెండూ పానకమే, గ్లాసూ ఒకటే, కానీ తాగిన బెల్లం ఒకటేనా?

జ్వరం మందు సీసాలూ అంతే. మామూలు సిరప్పులో 5 ఎం.ఎల్.కు 125 ఎం.జి. ఉంటుంది. ఘాటు సిరప్పులో అదే 5 ఎం.ఎల్.కు 250 ఎం.జి. పసిపిల్లల డ్రాప్స్ చాలావాటిలో 1 ఎం.ఎల్.కే 100 ఎం.జి. చిన్నపిల్లల డ్రాప్స్ పలుచగా ఉంటాయని అనుకుంటాం గదా, నిజానికి అవే అన్నిటికంటే చిక్కనివి. మన 10 కిలోల బిడ్డకు 150 ఎం.జి. కావాలంటే మామూలు సిరప్పు 6 ఎం.ఎల్., ఘాటుది 3 ఎం.ఎల్., డ్రాప్స్ అయితే ఒకటిన్నర ఎం.ఎల్. మాత్రమే.

ఒక సంగతి చెబుతాను. ధర్మవరం వైపు మగ్గం నేసేవాళ్ల బిడ్డ, 9 కిలోలు. డాక్టరుగారు మామూలు సిరప్పు 5 ఎం.ఎల్. రాశారు, సరైన కొలతే. సీసా అయిపోయింది. బిడ్డ చిన్నాయన గౌరీబిదనూరుకు పోయినవాడు అదే పేరు చెప్పి ఒక చిన్న సీసా తెచ్చాడు. అవి డ్రాప్స్. ఇంట్లో అందరికీ గుర్తున్నది "5 ఎం.ఎల్." అనే మాట. అలాగే పోశారు. 125 ఎం.జి. పోవలసిన చోట ప్రతిసారీ 500 ఎం.జి. పోయింది. 15 ఎం.ఎల్. సీసా మూడుసార్లకే ఖాళీ. ఆ ఇంటి అవ్వకు చదువు రాదు. కానీ "ఆ సీసా వారం వచ్చింది, ఇది ఒక్క దినానికే అయిపోయిందేమి?" అని అనుమానం వచ్చి, ఖాళీ సీసా కొంగులో కట్టుకొని బిడ్డను తీసుకొచ్చింది. బిడ్డ అప్పటికి ఆడుకుంటూనే ఉన్నాడు. విరుగుడు మందు ఎక్కించారు, రక్త పరీక్షలు చేశారు, బిడ్డ బాగై ఇంటికి పోయాడు. ఆ అవ్వ బుద్ధికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

బిడ్డ ఆడుకుంటున్నాడన్న మాట ఎందుకు చెప్పానంటే, ఈ మందు ఎక్కువైతే మొదటి దినం ఏమీ తెలియకపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, తిండి మానడం, కండ్లు పచ్చబడడం తరువాత వస్తాయి. విరుగుడు 8 గంటల్లోపు మొదలైతే బాగా పనిచేస్తుంది. కాబట్టి మోతాదు మించిందని తెలిస్తే లక్షణాల కోసం కాచుకొని కూర్చోవద్దు. సీసాతో సహా వెంటనే రండి. ఎవరు పోశారు, ఎందుకు పోశారు అని ఇంట్లో పంచాయితీ తరువాత పెట్టుకోవచ్చు.

ఇంట్లో చెంచాతో కొలవకండి. ఒక చెంచాలో 3 ఎం.ఎల్. పడుతుంది, ఇంకోదానిలో 7 పడుతుంది. సీసాతో వచ్చిన గీతల మూత గానీ, సూది లేని సిరంజి గానీ వాడండి. ఒక సీసా డ్రాపరును ఇంకో సీసాకు పెట్టకండి.

మందుకూ మందుకూ మధ్య 6 గంటలు ఉండాలి. ఒక దినానికి నాలుగుసార్లకు మించకూడదు. తల్లి గార్మెంట్సుకు పోతూ ఒకసారి పోస్తుంది, అది తెలియక అవ్వ మళ్లీ పోస్తుంది. పోయగానే గోడమీది క్యాలెండరులో టైము రాయండి. రాయడం రాకపోతే బొగ్గుతో ఒక గీత గీసినా చాలు. కొన్ని జలుబు మందుల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది, రెండూ పోస్తే రెండింతలవుతుంది. జలుబు, దగ్గు మందులు చిన్నపిల్లలకు సొంతంగా కొని పోయనే వద్దు. నిమెసులైడ్ అనే జ్వరం మందును 12 ఏండ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదని మన దేశంలో 2011లోనే నిషేధించారు. పాత సీసా ఉంటే పారవేయండి.

ఈ 15 లెక్క పారాసిటమాల్‌కే. వేరే మందులకు వేరే లెక్కలు, అవి డాక్టరు చూస్తారు. అక్కకు రాసిన యాంటీబయోటిక్ చెల్లెలికి పోయవద్దు. పొడి మందులో కాచి చల్లార్చిన నీళ్లు సరిగ్గా గీత వరకు పోయాలి. తక్కువ పోస్తే మందు చిక్కనవుతుంది. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో ఏ లెక్కా వద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకురండి.

ఇదిగో, ఈ గ్లాసులో రంగు నీళ్లు ఉన్నాయి, సిరంజిలు కూడా ఉన్నాయి. ఒక్కొక్కరు వచ్చి 6 ఎం.ఎల్. తీసి నాకు చూపించండి. అవ్వలు ముందు రండి. గీత కనబడకపోతే చెప్పండి, స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి ఇస్తాను.