స్తంభం బొమ్మ పచ్చగా ఉంటే చాలా?

మా కోనసీమలో కొబ్బరికాయ కొనేటప్పుడు ఏం చేస్తారు? గోటితో కొట్టి, ఆ చప్పుడు వింటారు. కాంక్రీటుకీ అలాంటి పరీక్షే ఉందండి. పేరు అల్ట్రాసోనిక్ పల్స్ వెలాసిటీ, షార్ట్‌గా యూపీవీ.

రాజమండ్రి ఆర్చ్ బ్రిడ్జి చూశారుగా? 1997లో పాత హేవ్‌లాక్ బ్రిడ్జి స్థానంలోకి వచ్చింది. ఒక్కోటీ 97 మీటర్ల పైచిలుకు, మొత్తం 28 స్పాన్లు. అలాంటి కట్టడాన్ని పగలగొట్టి లోపల చూడలేం కదా! అందుకే శబ్దంతో చూడాలి.

స్తంభానికి ఒక పక్క నుంచి శబ్దం పంపి, రెండో పక్క పట్టుకుంటారు. మందం 400 మిల్లీమీటర్లు, పట్టిన టైం 100 మైక్రోసెకన్లు అనుకోండి. వేగం సెకనుకి 4 కిలోమీటర్లు. లోపల గుల్ల ఉంటే శబ్దం చుట్టూ తిరిగొస్తుంది, వేగం తగ్గుతుంది. ఇలా చాలా చోట్ల కొలిచి, కంప్యూటర్‌లో రంగుల బొమ్మ తయారుచేస్తారు. గుర్తుపెట్టుకోండి, అది ఫొటో కాదు. లెక్క కట్టి వేసిన అంచనా.

మా ఇంటి మీద ఇంకో అంతస్తు వేద్దామని ఈ టెస్ట్ చేయించాం. బొమ్మలో స్తంభాలన్నీ పచ్చగా ఉన్నాయి. "ఇంకేంట్రా, స్లాబ్ వేసేద్దాం" అన్నారు నాన్నగారు. నేను సివిల్ చదివాను కాబట్టి రీడింగులు అడిగాను. చూస్తే ఒక్కో చోట ఒక్కసారే కొలిచారు! పైగా వానాకాలం. తడి కాంక్రీటులో శబ్దం కాస్త వేగంగా పోతుంది. స్టీల్‌లో అయితే దాదాపు 5.9 కిలోమీటర్లు. శబ్దం వెళ్లే దారి వెంబడే ఇనుప ఊచ ఉంటే, నాసి కాంక్రీటు కూడా మంచిదానిలా కనిపిస్తుంది.

వేసవిలో వేరేవాళ్లతో మళ్లీ చేయించాను. ఈసారి మూడు షరతులు పెట్టాను. ప్రతి చోటా జెల్ తుడిచి, మళ్లీ రాసి మూడుసార్లు కొలవాలి. పంపేదీ పట్టేదీ అటూ ఇటూ మార్చి చూడాలి. ఒకే దారి కాబట్టి టైం ఒకేలా రావాలి, రాకపోతే సెన్సార్ సరిగా ఆనలేదన్నమాట. ఇక మూడోది, ఊచలెక్కడున్నాయో మీటర్‌తో గుర్తించి, వాటికి దూరంగా కొలవాలి.

వంటింటి పక్క స్తంభం 3.9 నుంచి 3.2కి పడిపోయింది. తడి ఒక్కదానివల్లే అంత తేడా రాదు. సన్నటి కోర్ తీయించి చూస్తే, కంకర మధ్య సిమెంటే లేదు! అంతస్తు ఆపేసి, ముందు ఆ స్తంభాన్ని బలపరిచాం. ఆ పచ్చబొమ్మని నమ్మి స్లాబ్ వేసుంటే? తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

మీ ఇంటికి టెస్ట్ చేయిస్తే రంగులు చూసి ఊరుకోకండి. "ఎన్నిసార్లు కొలిచారు? ఎంత తేడా వచ్చింది?" అని అడగండి.

ఇప్పుడు మా నాన్నగారు కొబ్బరికాయ కూడా తిప్పితిప్పి మూడుసార్లు కొట్టి చూస్తున్నారు. ఉంటానండీ!