తుపానులో చిన్న పడవ

సర్వస్తోత్రాలూ భూమ్యాకాశాలను సృజించిన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) పై శాంతి శుభాలు వర్షించుగాక!

ప్రియ ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండండి. ఒక్క ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడటంతో సమానమని సూరా అల్ మాయిదా మనకు బోధిస్తున్నది. ఆ బోధ బరువును గ్రహించడానికి ఒక చారిత్రక సంఘటనను స్మరించుకుందాం.

అది 1952 ఫిబ్రవరి 18. అమెరికాలోని కేప్ కాడ్ తీరాన మంచు తుపాను చెలరేగింది. 41 మంది సిబ్బంది గల పెండిల్టన్ అనే చమురు నౌక నడిమికి విరిగి రెండు ముక్కలైంది. ముందు భాగంలోని కెప్టెన్‌తో సహా 8 మంది మరణించారు. వెనుక భాగంలో 33 మంది చిక్కుకున్నారు. అదే రోజు ఆ తీరంలోనే ఫోర్ట్ మెర్సర్ అనే మరో నౌక కూడా విరిగిపోయింది.

చాథమ్ తీర రక్షణ కేంద్రం నుండి బెర్నార్డ్ వెబ్బర్ అనే యువకుడు ముగ్గురు సహచరులతో 36 అడుగుల కొయ్య పడవలో బయలుదేరాడు. ఇసుక మేట వద్ద విరుచుకుపడిన కెరటాలు పడవ అద్దాన్ని పగులగొట్టాయి, దిక్సూచిని ఊడ్చుకుపోయాయి. వెనుదిరగడానికి సాకులు కావలసినన్ని ఉన్నాయి. అయినా వారు వెనుదిరగలేదు. చీకటిలో నౌకను కనుగొని, తాళ్ల నిచ్చెన మీదుగా దిగినవారిని ఒక్కొక్కరినే అందుకున్నారు. పడవ సామర్థ్యం మించినా ఇక చాలని అనలేదు. ఒక్కరు కెరటాల పాలయ్యారు. 32 మంది ప్రాణాలతో ఒడ్డు చేరారు.

సోదరులారా! ఆ రక్షకులు ముస్లిములు కారు కదా అని ఎవరైనా అనవచ్చు. పీడితులకు అండగా నిలవడానికి మక్కాలో జరిగిన హిల్ఫుల్ ఫుదూల్ ఒప్పందం ఇస్లాంకు పూర్వపుది. అయినా దైవప్రవక్త (స) దానిని ప్రశంసించారు. ఇస్లాం వచ్చిన పిదప కూడా అటువంటి దానికి పిలిస్తే స్పందిస్తానన్నారు. మంచి ఎక్కడున్నా దానిని గౌరవించడం విశ్వాసి లక్షణం.

మన వీధిలోనూ మునిగిపోతున్నవారున్నారు. ఒకరు అప్పులలో, ఒకరు వ్యాధిలో, ఒకరు ఒంటరితనంలో. నా సంపాదన చిన్నదని మనం తప్పుకుంటాం; ఆ పడవ కూడా చిన్నదే. అందరినీ ఆదుకోలేనని అంటాం; వారూ ఒకరిని కోల్పోయారు. ప్రయత్నం మన బాధ్యత, ఫలితం అల్లాహ్ అధీనం. వచ్చే జుమాలోగా ప్రతి ఒక్కరూ ఆపదలో ఉన్న ఒక్క ఇంటి తలుపైనా తట్టండి.

ఓ అల్లాహ్! ఆపన్నుల ఆక్రందన వినే చెవులను, వారికై కదిలే పాదాలను మాకు ప్రసాదించు. ఆమీన్.