పంచాయతీ ట్రాక్టరు ఆగినపుడు: డీజిలు దారిని వెదకు విధము

(బీర్కూర్‌లో గ్రామ పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము మీతో ముచ్చటింపదలచిన విషయము చిన్నదిగా తోచవచ్చును. కాని అది మీ గ్రామ పారిశుద్ధ్యమునకును, మీ పంచాయతీ నిధికిని సంబంధించినది. పంచాయతీ ట్రాక్టరు దారిలో ఆగిపోయినపుడు, దానికి డీజిలు సరిగా అందుచున్నదా లేదా అని తెలిసికొనుట ఎట్లు? అదియే నేటి విషయము.

2019 సెప్టెంబరు 6వ తేదీన మన రాష్ట్రములో పల్లె ప్రగతి కార్యక్రమము ఆరంభమైనది. రాష్ట్రమునందలి గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూర్చుట ఆ కార్యక్రమములో ఒక భాగము. ఇంటింటి చెత్తను డంపింగు యార్డునకు చేర్చుట, నర్సరీకిని బాట ప్రక్క మొక్కలకును నీరు పోయుట, ఎండకాలమున నీటి ఎద్దడి గల వాడకు ట్యాంకరు తోలుట, ఇవన్నియు ఆ ఒక్క యంత్రముపై ఆధారపడి యున్నవి. నాడు కొత్తవియైన ఆ ట్రాక్టర్లు నేడు పాతబడినవి. పాత యంత్రము అప్పుడప్పుడు ఆగుట వింత కాదు. ఆగిన కారణమును తెలిసికొనక, చేతితో పోవు పనికి వేల రూపాయలు పోయుటయే విచారింపదగినది. ఆ రూపాయలు ఇంటి పన్ను కట్టిన ప్రజలవి.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. సిలిండరులో గాలిని గట్టిగా అదిమినపుడు ఆ గాలి మిక్కిలి వేడెక్కును. ఆ వేడి గాలిలోనికి డీజిలును సన్నని తుంపరగా చిమ్మగా అది తనంతట తాను మండును. రుడాల్ఫ్ డీజిల్ అను ఇంజనీరు 1897లో జర్మనీ దేశమందలి ఆగ్స్‌బర్గ్ నగరమున ఇట్టి ఇంజనును విజయవంతముగా నడిపి చూపెను. 1927లో బాష్ సంస్థ డీజిలును చిమ్ము పంపులను పెద్ద ఎత్తున తయారు చేయ నారంభించిన పిదప, ఈ ఇంజను లారీలకును ట్రాక్టర్లకును ఎక్కువగా వాడుకలోనికి వచ్చెను. ఆ పంపులోని కడ్డీకిని గొట్టమునకును నడుమ నుండు సందు మన తలవెంట్రుక మందములో పదవ వంతైనను ఉండదు. కనుకనే కంటికి కానరాని దుమ్మైనను, చుక్క నీరైనను దానికి శత్రువు.

ఇక డీజిలు నడచు దారిని చూతము. మీరందరు నిజాంసాగర్ కాలువ క్రింద వరి పండించు ప్రాంతమువారు. 1931లో ఆ జలాశయ నిర్మాణము పూర్తియైనది మొదలు, చివరి మడికి నీరు రాకపోయినచో ఏమి చేయవలెనో ఇచ్చటి రైతుకు ఒకరు నేర్పవలసిన పని లేదు. అతడు మడిని త్రవ్వడు. తూము వద్దకు పోయి, అచ్చటి నుండి కాలువ గట్టు వెంబడి క్రిందికి నడచుచు, తలుపు తెరచియున్నదా, పూడిక పడినదా, గండి పడినదా యని చూచును. ట్రాక్టరులో ట్యాంకు జలాశయము. దాని క్రింది కుళాయి తూము. గొట్టములు కాలువలు. ఫిల్టర్లు పూడికను ఆపు తొట్లు. ఇంజెక్షను పంపు, నాజిళ్లు చివరి మళ్లు. రైతు నడచినట్లే ట్యాంకు నుండి ఇంజను వైపునకు వరుసగా నడువవలెను. ఇదియే మేము చెప్పదలచిన ముఖ్య విషయము. చాల తావుల పని తలక్రిందుగా జరుగుచున్నది. మొట్టమొదటనే పంపును విప్పి పట్టణమునకు పంపుచున్నారు.

మొదట పొగను చూడవలెను. సెల్ఫు కొట్టునపుడు పొగగొట్టము నుండి తెల్లని పొగ వచ్చుచున్నచో డీజిలు సిలిండరునకు చేరుచున్నదనియు, కాని సరిగా మండుట లేదనియు అర్థము. ఏ పొగయు రానిచో డీజిలు చేరుట లేదని ఎంచవచ్చును. అట్టి యెడల ఇంజనును ఆపు తీగ బిగిసి, ఆపు స్థితిలోనే నిలిచిపోయినదేమో ముందు చూడవలెను. ఇది పైసా ఖర్చు లేని పరీక్ష.

రెండవది ట్యాంకు. ముల్లును నమ్మక, మూత తీసి శుభ్రమైన పుల్లతో కొలిచి చూడవలెను. ట్యాంకు మూతకు గాలి పోవు సన్నని రంధ్రముండును. డీజిలు తరిగిన కొలది ఆ రంధ్రము గుండా గాలి లోనికి రావలెను. అది పూడినచో ట్యాంకులో గాలి పలుచనై, డీజిలు క్రిందికి దిగదు. మేము చూచిన ఒక గ్రామమున ట్రాక్టరు కొంత దూరము పోయి ఆగుచు, పావుగంట తరువాత మరల నడచుచుండెను. పంపు చెడినదని తలచి విప్పించిరి, బాగు చేయించిరి, బిగించిరి. ట్రాక్టరు మరల అట్లే ఆగెను. ఆ దినములన్నియు ఊరి చివరి వాడకు ట్యాంకరు పోలేదు. ఆ వాడ స్త్రీలు వ్యవసాయ బావుల నుండి బిందెలతో నీరు మోసిరి. మూత తీయునపుడెల్ల బుస్సుమని గాలి లోనికి పోవు చప్పుడు వచ్చుచున్నదని డ్రైవరు మొదటి దినముననే చెప్పియుండెను. వినిన వారు లేరు. తుదకు ఒక సూదితో మూత రంధ్రములోని మట్టిని తీయగా ట్రాక్టరు నడచెను. ఆగిన ట్రాక్టరు మూతను కొంచెము వదులు చేసినంతనే నడచినచో దోషము మూతలోనే యున్నదని తెలియును.

మూడవది కుళాయియు, దాని దిగువనుండు గిన్నెయు. నీరు డీజిలు కంటె బరువైనది గనుక గిన్నె అడుగున చేరును. గిన్నెను విప్పి ఒక గాజు సీసాలో పోసి కొంత సేపు నిలిపినచో నీరు క్రిందను డీజిలు పైనను వేరువేరుగా కానవచ్చును. తుప్పు రజను కనబడినచో ట్యాంకును దింపి కడిగింపవలెను.

నాలుగవది గొట్టములు. ట్యాంకు నుండి ఫీడు పంపు వరకు గల గొట్టములో డీజిలు పీల్చబడుచుండును. ఇచ్చట చిన్న పగులున్నను, రాగి వాషరు అరిగినను, డీజిలు బయటికి కారకపోవచ్చును. దానికి బదులు గాలి లోనికి పోవును. దీనినే మెకానిక్కులు ఎయిరు పట్టినదందురు. కారుట లేదు గనుక బాగున్నదని తలపరాదు. పాత రబ్బరు గొట్టమును వంచి చూచినచో పగుళ్లు కానవచ్చును. ఫీడు పంపు దాటిన తరువాత గొట్టములో డీజిలు నెట్టబడుచుండును. అచ్చట దోషమున్నచో తడి కనబడును.

ఐదవది ఫీడు పంపు. దానికి చేతితో కొట్టు మీట యుండును. ఫిల్టరు పైనున్న చిన్న బోల్టును వదులు చేసి మీట కొట్టినపుడు డీజిలు ధారగా రావలెను. రానిచో పంపు జాలి పూడినదో, లోపలి కవాటము చెడినదో చూడవలెను. కొన్ని ఇంజన్లలో ఈ పంపు ఉండదు. ట్యాంకు ఎత్తులో నుండుట వలననే డీజిలు దిగుచుండును.

ఆరవది ఫిల్టర్లు. ట్రాక్టరు ఖాళీగా చక్కగా నడచి, నిండు ట్యాంకరు తగిలించినంతనే బలము తగ్గి ఆగిపోవుచున్నచో ఫిల్టరు పూడినదని అనుమానింపవలెను. ఖాళీ బండికి కొద్ది డీజిలు చాలును, బరువు లాగుటకు ఎక్కువ కావలెను. కాగితపు ఫిల్టరును కడిగి మరల వాడరాదు, మార్చవలెను. ఎన్ని గంటల పనికి మార్చవలెనో కంపెనీ పుస్తకములో వ్రాసియుండును. కొత్తది వేసిన పిదప ఎయిరు తీయవలెను. బోల్టు వదులు చేసి, బుడగలు పోయి నిండు ధార వచ్చువరకు మీట కొట్టి, ధార వచ్చుచుండగనే బిగింపవలెను.

సందేహము తీరనిచో ఇంకొక పరీక్ష కలదు. శుభ్రమైన డబ్బాలో డీజిలు పోసి, వేడి పొగగొట్టమునకు దూరముగా ఎత్తున నిలిపి, ట్యాంకు గొట్టమునకు బదులు ఆ డబ్బా నుండి గొట్టము తగిలించి ఇంజను నడిపించవలెను. ఇది మెకానిక్కు చేత చేయింపవలసిన పని. ఇంజను చక్కగా నడచినచో దోషము ట్యాంకు వైపున, నడువనిచో ఇంజను వైపున ఉన్నదని తేలును.

ఇవన్నియు చూచిన తరువాతనే ఇంజెక్షను పంపు, నాజిళ్ల ప్రసక్తి రావలెను. వానిని నేర్పరియైన మెకానిక్కే ముట్టవలెను. నాజిలు నుండి వెలువడు ధార వాయుమండల పీడనమునకు సుమారు 200 రెట్ల ఒత్తిడితో వచ్చును. దాని కెదురుగా చేయి పెట్టరాదు. ధార చర్మమును చీల్చి లోనికి పోయినచో గాయము సూదిపోటంత కనబడినను, ప్రమాదము చేయి పోవునంతటిది. ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొని పోవలెను.

జబ్బు వచ్చిన పిదప మందు కంటె రాకుండ చూచుట మేలు. పని ముగిసిన సాయంకాలమున ట్యాంకు నింపవలెను. ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనమునకు గాలిలోని తేమ నీరై డీజిలులో కలియును. ట్యాంకు పూర్తిగా అడుగంటు వరకు నడుపరాదు. పురుగుమందు డబ్బాలలోను, జింకు పూత పూసిన పాత్రలలోను డీజిలు తేరాదు. కోతల కాలమున గడ్డి ధూళి ఎక్కువ గనుక మూతను, దాని చుట్టును తుడిచి గాని తెరువరాదు.

చివరగా సభ్యులకు మా మనవి. ట్రాక్టరునకు ఒక పుస్తకము పెట్టుడు. పోసిన డీజిలు, నడచిన గంటలు, మార్చిన ఫిల్టరు, ఆగిన తేది, ఆగిన తీరు అందులో వ్రాయించుడు. డ్రైవరు చెప్పిన మాటను అతని మాటగానే అందులో ఎక్కించుడు. మరమ్మతు బిల్లు మీ ముందునకు వచ్చినపుడు, పంపు విప్పుటకు ముందు మూత, గిన్నె, గొట్టము, ఫిల్టరు చూచితిరా యని అడుగుడు. మార్చిన పాత వస్తువును సమావేశమునకు తెప్పించి కంటితో చూడుడు. ఇట్లు అడుగుట ఎవరినో అనుమానించుట కాదు. ప్రజల సొమ్మునకు కావలి కాయుట సభ్యుని ధర్మము. ఈ నాలుగు ప్రశ్నలను రానున్న పంచాయతీ సమావేశముననే తీర్మానముగా వ్రాసికొని అమలుపరతురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాము.